అమ్మకి హెర్‌టూ పాజిటివ్ రొమ్ము కాన్సర్, ట్రాస్టుజుమాబ్ ఏడాది పాటు అంటున్నారు: వాడినవాళ్లు చెప్పండి

తెనాలి_పిల్ల | జనవరి 18, రాత్రి 10:42
అందరికీ నమస్కారం. మా అమ్మకి 57 ఏళ్లు. ఎడమ రొమ్ములో గడ్డ, సెప్టెంబర్లో ఆపరేషన్ అయింది, ఎర్ర మందు కీమో నాలుగు సార్లు ఎక్కించారు, అది మొన్నటితో అయిపోయింది. ఇప్పుడు పాక్లిటాక్సెల్ అనే ఇంకో కీమో వారానికొకసారి, దాంతోపాటు ట్రాస్టుజుమాబ్ మూడు వారాలకొకసారి మొదలుపెడతామన్నారు, కీమో అయిపోయాక కూడా అదొక్కటే ఏడాది నిండేదాకా నడుస్తుందట. మొదటి రిపోర్టులో హెర్‌టూ 2 ప్లస్ అని వచ్చింది, ఫిష్ టెస్ట్ అని ఇంకొకటి పంపారు, మా నాన్న చేపల టెస్ట్ ఏంటమ్మా అని అడిగాడు పాపం. అందులో పాజిటివ్ వచ్చింది. డాక్టర్ గారు మంచివారే కానీ బయట యాభై మంది లైన్లో ఉంటారు, నేను అడగాలనుకున్నవన్నీ మర్చిపోయి వచ్చేశాను. ఈ ట్రాస్టుజుమాబ్ కూడా కీమోనేనా? మళ్లీ జుట్టు పోతుందా? గుండె మీద పని చేస్తుందని ఎవరో అన్నారు, రాత్రి నుంచి అదే టెన్షన్.

విజయ_నిజామాబాద్ | జనవరి 18, రాత్రి 11:20
చెల్లీ ముందు పడుకో. నాకు 17 డోసులు అయ్యి నాలుగేళ్లు దాటింది, ఇవాళ పొద్దున కూడా బస్సెక్కి స్కూల్‌కి పోయి పాఠం చెప్పి వచ్చిన. ఇది కీమో కాదు. జుట్టు దీనివల్ల పోదు, పాక్లిటాక్సెల్ వల్ల పోతది, అది అయిపోయినంక ఈ మందు నడుస్తుండంగనే నాకు జుట్టు మొలిచింది, అదీ గొర్రెపిల్ల బొచ్చులెక్క వంకులు వంకులుగా. వేళ్ల తిమ్మిర్లు కూడా పాక్లిటాక్సెల్ పనే. ఒట్టి ట్రాస్టుజుమాబ్ నడిచిన నెలల్లో నాకున్నవి ముక్కు కారుడు, కీళ్ల నొప్పులు, గోర్లు పెళుసుగా విరుగుడు, ఎక్కించిన మరుసటి రోజు నీరసం. అంతే. అందరికీ అట్లనే ఉంటదని చెప్పను.

డేకేర్_సిస్టర్ | జనవరి 19, ఉదయం 6:05
నైట్ డ్యూటీ దిగి రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి. పదకొండేళ్లుగా డే కేర్‌లో ఈ మందు ఎక్కిస్తున్నాను.

కణం మీద హెర్‌టూ అనే ప్రోటీన్ చెవుల్లా ఉంటుంది అనుకోండి, "పెరుగు, రెండుగా చీలు" అన్న కబురు వినడానికి. మామూలు కణానికి ఆ చెవులు కొన్నే. ఈ రకం కాన్సర్‌లో ఆ జన్యువు నకళ్లు ఎక్కువై ఒళ్లంతా చెవులే, కాబట్టి ఆగకుండా పెరుగుతుంది. రొమ్ము కాన్సర్లలో నూటికి 15 నుంచి 20 దాకా ఈ రకం. ట్రాస్టుజుమాబ్ ఒక యాంటీబాడీ, వెళ్లి ఆ చెవికి బిరడాలా అతుక్కుంటుంది, మన ఒంట్లోని రోగనిరోధక కణాలకి ఆ కణాన్ని చూపించి పట్టిస్తుంది కూడా. అందుకే హెర్‌టూ ఎక్కువగా లేనివాళ్లకి దీన్ని ఇవ్వరు. రిపోర్టులో 3 ప్లస్ అయితే పాజిటివ్, 0 గానీ 1 ప్లస్ గానీ అయితే ఈ మందుకి కాదు, 2 ప్లస్ అయితే ఎటూ తేలనట్టు, అప్పుడు జన్యువు నకళ్లు లెక్కపెట్టే ఫిష్ చేస్తారు. మీ అమ్మగారికి జరిగింది అదే, సరిగ్గానే చేశారు.

మొదటి డోసు గంటన్నర ఎక్కిస్తాం. నూటికి 40 మందికి దాకా ఆ మొదటిసారి చలి, వణుకు, జ్వరం వస్తాయి. చూసేవాళ్లకి భయంగా ఉంటుంది కానీ ఆపి, మందిచ్చి, తగ్గాక మెల్లగా మళ్లీ పెడతాం. రెండోసారి నుంచి అరగంట చాలు, వణుకు కూడా చాలామందికి మళ్లీ రాదు. ఊపిరాడకపోవడం, పెదాలు వాయడం, ఒళ్లంతా దద్దుర్లు లాంటివి మాత్రం ఒక్క నిమిషం కూడా ఓర్చుకోకుండా సిస్టర్ని పిలవాలి, "ఆవిడ బిజీగా ఉందేమో" అని మొహమాటపడే పెద్దవాళ్లని చాలామందిని చూశాను.

గుండె సంగతి నిజమే. గుండె కండరం కూడా తన రిపేరుకి ఇదే హెర్‌టూ కబురు వాడుకుంటుంది, బిరడా అక్కడా పడుతుంది. అందుకే మొదలుపెట్టే ముందు ఎకో (గుండె స్కాన్), తర్వాత మూడు నెలలకొకటి. ఎర్ర మందు ముందే వాడినవాళ్లలో రిస్క్ ఎక్కువ, మీ అమ్మగారు ఆ కోవలోకే వస్తారు. ఎకో రిపోర్టులో ఈఎఫ్ అని ఒక శాతం ఉంటుంది, గుండె ఒక్కో దెబ్బకి తనలోని రక్తంలో ఎంత బయటికి కొడుతుందో చెప్పేది, ఆ అంకె ఫోన్‌లో రాసి పెట్టుకోండి.

మెడికల్_షాపు_బెజవాడ | జనవరి 19, మధ్యాహ్నం 2:31
ఖర్చు గురించి ఎవరూ అడగలేదు కాబట్టి నేనే చెప్తా. డోసు బరువుని బట్టి. మొదటిసారి కిలోకి 8 మిల్లీగ్రాములు, తర్వాత ప్రతి మూడు వారాలకి కిలోకి 6. అమ్మగారు 62 కిలోలు అనుకుందాం, మొదటిసారి 496, తర్వాత 372. పెద్ద వయల్, అంటే మందు సీసా, 440 మిల్లీగ్రాములు, చిన్నది 150. మొదటిసారికి రెండూ కొనాలి. తర్వాత 440 కొంటే 68 మిగులుతుంది, ఆ మిగిలింది పారబోస్తున్నారా దాస్తున్నారా అని అడగండి. 440 పెట్టెతోపాటు వచ్చే ప్రత్యేకమైన నీళ్లతో కలిపితే ఫ్రిజ్‌లో 28 రోజులు ఉంటుంది, మీ డోసుల మధ్య 21 రోజులే. ఆసుపత్రి వాళ్లు శుభ్రంగా కలిపి, పేరు రాసి దాస్తే ఎనిమిదో డోసుకొచ్చేసరికి ఒక వయల్ మిగులుతుంది. మామూలు స్టెరైల్ వాటర్‌తో కలిపితే మాత్రం దాచకూడదు. 150 వయల్ ఒక్కసారికే. దాన్ని ఇంట్లో ఫ్రిజ్‌లో కూరగాయల మధ్య పెట్టే ఆలోచన వద్దు, దాస్తే ఆసుపత్రిలోనే దాచాలి.

సీల్ తీయని వయల్ మా దగ్గర కొని తీసుకెళ్లేవాళ్లు ఐస్ బాక్స్‌లో తీసుకెళ్లండి, 2 నుంచి 8 డిగ్రీలు, గడ్డకట్టకూడదు, ఐస్ ముక్కకి నేరుగా తగలనివ్వకూడదు. వయల్ తీసుకెళ్లి సిటీ బస్సులో సీటు కింద పెట్టినాయన ఒకడున్నాడు, ఆ ఎండలో.

తెనాలి_పిల్ల | జనవరి 19, రాత్రి 9:15
ఇన్ని రోజులు ఎవరిని అడగాలో తెలీక తిరిగాను. సిస్టర్ గారూ మీరు చెప్పినట్టే ఎకో చూశాను, ఈఎఫ్ 64 ఉంది. షాపు అన్నా, మాకు చెప్పింది ఇండియన్ కంపెనీది. అది ఒరిజినల్ అంత పని చేస్తుందా, మా మేనమామ అమెరికా మందే కావాలని పట్టుబడుతున్నాడు.

డల్లాస్_రావు | జనవరి 20, ఉదయం 7:48
మీ మేనమామగారికి చెప్పండి, అమెరికాలో కూర్చుని మా ఆవిడకి ఎక్కించింది బయోసిమిలరే, అంటే ఒరిజినల్‌ని పోలి వేరే కంపెనీ చేసిన మందే. ఇన్సూరెన్స్ వాడే అదిస్తానన్నాడు. ఒరిజినల్ ఇక్కడ 1998లో వచ్చింది, లాస్ ఏంజెలెస్‌లో డెనిస్ స్లామన్ అనే డాక్టరు పట్టుబట్టి పరిశోధన చేయడం వల్ల వచ్చింది. మొదట శరీరంలో పాకినవాళ్లకే, ఆపరేషన్ తర్వాత ముందుజాగ్రత్తగా వాడటానికి 2006లో అనుమతిచ్చారు. మందులకి అనుమతిచ్చే ఇక్కడి ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ ఒప్పుకున్న మొట్టమొదటి ట్రాస్టుజుమాబ్ బయోసిమిలర్ 2017 డిసెంబర్లో, అది బెంగళూరు బయోకాన్, మైలాన్ కలిసి చేసింది. అంటే మన మందే ఇక్కడికొచ్చింది.

ఇంకో మాట, ఇక్కడ తొడకి చర్మం కింద ఇచ్చే ఇంజక్షన్ కూడా ఉంది, బరువుతో పనిలేదు, అందరికీ 600 మిల్లీగ్రాములు, రెండు నుంచి ఐదు నిమిషాల్లో అయిపోతుంది. నరాలు దొరకనివాళ్లకి అది వరం.

మెడికల్_షాపు_బెజవాడ | జనవరి 20, మధ్యాహ్నం 1:10
రావు గారు చెప్పింది కరెక్ట్. బయోకాన్ వాళ్లది మన దేశంలో 2014లో వచ్చింది, 440 వయల్ అప్పుడు 57,500 రూపాయలు, అదే చవక అనుకున్నాం. ఆ తర్వాత మిగతా కంపెనీలు దిగాయి, మన హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ కూడా. 2015లో అత్యవసర మందుల జాబితాలో చేర్చాక ధరకి పరిమితి వచ్చింది. వయల్ మీద వేసిన రేటే ఇచ్చేయకండి, రెండు మూడు చోట్ల అడగండి, కంపెనీకీ కంపెనీకీ చాలా తేడా ఉంటుంది. కార్డు ఉన్నవాళ్లు ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రని ముందే కలవండి, ఏ మందు ఎన్ని డోసులు వస్తాయో రాయించుకోండి. బిల్లు కట్టాక అడిగితే ఉపయోగం లేదు.

ప్రకృతి_బాట | జనవరి 21, ఉదయం 5:30
ఇవన్నీ కంపెనీల వ్యాపారం. లక్ష్మణఫలం ఆకు కషాయం 48 రోజులు తాగించండి, ఏ మందూ అక్కర్లేదు. మా పక్కూరి ఆవిడకి గడ్డ కరిగిపోయింది. వివరాలకు మెసేజ్ చేయండి.

విజయ_నిజామాబాద్ | జనవరి 21, ఉదయం 8:02
మాతోపాటు వార్డులో ఉన్న ఒకామె ఇదే కషాయమని మూడు నెలలు ఆగింది. తిరిగి వచ్చేసరికి కాలేయానికి పాకింది. ఇంతకన్నా రాయబుద్ధి అయితలేదు.

నిర్వాహకుడు | జనవరి 21, ఉదయం 9:40
చికిత్స మానమని చెప్పే పోస్టులు, ఫోన్ నంబర్లు పెట్టేవాళ్ల ఖాతాలు మూసేస్తాం. కషాయం పోస్టు అలాగే ఉంచుతున్నాను, కింద విజయ గారి జవాబు ఉంది కాబట్టి.

తెనాలి_పిల్ల | జనవరి 22, రాత్రి 8:50
మొదటి డోసు అయింది. సిస్టర్ గారూ మీరు రాయకపోయుంటే నేను ఏడ్చేసేదాన్ని, సగం బాటిల్ అయ్యాక అమ్మకి మంచం ఊగేంత వణుకు. ఆపారు, రెండు దుప్పట్లు, ఇంజక్షన్, నలభై నిమిషాల్లో తగ్గి "పెసరట్టు తెచ్చావా" అని అడిగింది.

కంచిలి_బాబు | ఫిబ్రవరి 2, రాత్రి 11:55
మాది శ్రీకాకుళం వైపు. మా ఇంటావిడకి ఎముకల్లోకి పాకాక తెలిసింది. మాకు ఏడాది లెక్క లేదు, పని చేస్తున్నంత కాలం ఇస్తూనే ఉంటారు, ఐదో ఏడు నడుస్తోంది. దీంతోపాటు పెర్టుజుమాబ్ అని ఇంకోటి కలిపి ఇచ్చేవారు, దాంతో విరేచనాలు బాగా, ఓఆర్‌ఎస్ పొట్లాలు జేబులోనే ఉంటాయి నాకు. మీకు చెప్పాలనుకున్నది వేరే. ఈ మందు మెదడులోకి సరిగ్గా చేరదట. మా ఆవిడకి ఒళ్లంతా బాగుండి, పోయిన సంవత్సరం తలనొప్పి, పొద్దున్నే వాంతులు. గ్యాస్ అనుకుని పది రోజులు గడిపేశాం. స్కాన్ చేస్తే చిన్న మచ్చ. రేడియేషన్ ఇచ్చారు, ఇప్పుడు పరవాలేదు. అందరికీ వస్తుందని కాదు, వస్తే గ్యాస్ అనుకోకండి అని.

డేకేర్_సిస్టర్ | ఫిబ్రవరి 3, మధ్యాహ్నం 3:20
కంచిలి బాబు గారూ మీ ఓపికకి దండం. ఇంకొకటి చెప్పాలి. ట్రాస్టుజుమాబ్ అన్న మాటతో మూడు వేర్వేరు మందులున్నాయి. ఒట్టి ట్రాస్టుజుమాబ్ ఒకటి. ట్రాస్టుజుమాబ్ ఎమ్‌టాన్సిన్ అంటే యాంటీబాడీకి కీమో అతికించింది, దానికి కిలోకి 3.6 మాత్రమే, ప్లేట్‌లెట్లు, కాలేయం చూడాలి. ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్ ఇంకొకటి, రొమ్ము కాన్సర్‌కి కిలోకి 5.4, దానికి వాంతులు, ఊపిరితిత్తుల వాపు జాగ్రత్త, కొత్తగా పొడి దగ్గు వస్తే దగ్గు మందు కొనుక్కోకుండా రావాలి. ఒకదాని బదులు ఒకటి వెళ్తే ప్రమాదం. వయల్ మీద పేరు పూర్తిగా, రెండో మాట దాకా చదవండి, మమ్మల్ని కూడా చదివి వినిపించమనండి, మేమేమీ అనుకోం. అలాగే ఒట్టి ట్రాస్టుజుమాబ్‌ని సెలైన్‌లోనే కలపాలి, గ్లూకోజ్‌లో కాదు.

సిరి_34 | మార్చి 11, రాత్రి 10:05
అక్కా నాకు 34, పదో డోసు నడుస్తోంది. ఒక పాప ఉంది, రెండోది కావాలని మా వాళ్లు. అయిపోయిన నెలకే ప్లాన్ చేయొచ్చా? డాక్టర్‌ని అడగడానికి సిగ్గేసింది, మావారు పక్కనే ఉన్నారు.

డేకేర్_సిస్టర్ | మార్చి 12, ఉదయం 6:30
వద్దమ్మా. చివరి డోసు తర్వాత కనీసం ఏడు నెలలు ఆగాలి, అప్పటిదాకా జాగ్రత్తలు తప్పనిసరి. ఈ మందు ఒంట్లో నెలల తరబడి ఉంటుంది, కడుపులో బిడ్డ చుట్టూ ఉమ్మనీరు తగ్గిపోతుంది. నీకు టామోక్సిఫెన్ అనే హార్మోన్ మాత్ర కూడా రాసుంటే లెక్క ఇంకా మారుతుంది. సిగ్గుపడేది ఏమీ లేదు, చీటీ మీద రాసి ఇవ్వు, డాక్టరమ్మలు ఇలాంటి చీటీలు రోజూ చదువుతారు.

తెనాలి_పిల్ల | జులై 7, రాత్రి 11:31
చాలా రోజులకి వచ్చాను, తిట్టించుకోవడానికే వచ్చాననుకోండి. ఏప్రిల్లో ఎకో చేయించాం, 61. అంతా బాగానే ఉంది, జుట్టొచ్చింది, అమ్మ మే నెలంతా డాబా మీద మామిడి ఒరుగులు ఎండబెట్టింది. ఒంట్లో ఏ బాధా లేదు కదా, ఎకోకి ఒక పూట పోతుంది, ఎల్లుండి డోసు ఎక్కించాక తీరిగ్గా చేయిద్దాం అనుకున్నాం. ఆసుపత్రి వాళ్లు కూడా అడగలేదు, ఏ ఆసుపత్రో రాయను. నాకెందుకో ఈ థ్రెడ్ గుర్తొచ్చి ఇవాళ బలవంతంగా తీసుకెళ్లాను. ఈఎఫ్ 47. డోసు ఆపేశారు. ఇంటికొచ్చాక అమ్మ మెల్లగా చెప్తోంది, నెల నుంచి డాబా మెట్లు మధ్యలో ఆగి ఎక్కుతోందట, రాత్రి రెండు దిండ్లు పెట్టుకుంటోందట. చెప్తే మందు ఆపేస్తారని చెప్పలేదట.

విజయ_నిజామాబాద్ | జులై 8, ఉదయం 5:50
ఏడ్వకు. నాకూ ఆరో నెలల ఒకసారి పడింది, 63 నుంచి 51కి. నేను కూడా దాచిన, ఆపితే కాన్సర్ తిరిగొస్తదేమోనని. అందరం ఇదే చేస్తం. మా డాక్టర్ అన్నడు, ఎర్ర మందు గుండెకి చేసిన దెబ్బ మామూలుగా మిగిలిపోతది, దీని దెబ్బ మందు ఆపితే చాలామందికి సర్దుకుంటది అని. నాకు సర్దుకుంది.

డేకేర్_సిస్టర్ | జులై 8, మధ్యాహ్నం 2:15
64 నుంచి 47 అంటే 17 తగ్గింది. మొదటి అంకె కంటే 16 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడితే, లేదా నార్మల్ కంటే కిందకెళ్లి 10 పడితే, కనీసం నాలుగు వారాలు ఆపాలని నియమం. వాళ్లు ఆపడం సరైనదే. గుండె డాక్టర్‌కి చూపించండి, మాత్రలిస్తారు. కాళ్ల వాపు, ఒక్కసారిగా బరువు పెరగడం, పడుకుంటే ఆయాసం (దిండ్లు పెరగడం దాని గుర్తే) చూస్తూ ఉండండి, రోజూ పొద్దున ఒకే తూకం మీద బరువు చూడండి. డోసు ఇచ్చే ముందు ఎకో తేదీ అడగాల్సింది మేమే, అది మా వైపు తప్పు. నేను మా డే కేర్‌లో ఫైల్ అట్ట మీద ఎర్ర పెన్నుతో రాస్తాను, ఎందుకంటే ఈ మందు వేసుకున్నవాళ్లు నవ్వుతూ వస్తారు, కీమో వాళ్లలా వాలిపోరు, ఎవరికీ అనుమానం రాదు.

డల్లాస్_రావు | జులై 8, సాయంత్రం 6:44
ఈలోపు ఒక మాట. ఇంగ్లండ్‌లో పెర్సెఫొనీ అని 4,089 మంది మీద చేసిన ట్రయల్ ఉంది, ఆరు నెలలు ఇచ్చినవాళ్లు, పన్నెండు నెలలు ఇచ్చినవాళ్లు. నాలుగేళ్లకి కాన్సర్ తిరగకుండా ఉన్నవాళ్లు ఆరు నెలలవాళ్లలో 89.4 శాతం, ఏడాదివాళ్లలో 89.8 శాతం. గుండె వల్ల మధ్యలో ఆపాల్సి వచ్చినవాళ్లు ఆరు నెలల్లో 3 శాతం, ఏడాదిలో 8. ఇది చూసి ఎవరూ సొంతంగా ఆపేయకండి, ఫ్రాన్స్‌లో ఇలాంటి ట్రయల్ ఆరు నెలలు చాలని తేల్చలేకపోయింది, చాలామంది డాక్టర్లు ఇప్పటికీ ఏడాదే ఇస్తారు. రెండేళ్లిస్తే ఇంకా మంచిదా అంటే అదీ లేదని హెరా ట్రయల్‌లో తేలింది. నెల రోజులు ఆగినంత మాత్రాన అమ్మగారికి అంతా పోయినట్టు కాదు, అది చెప్పడానికే ఇదంతా రాశా.

తెనాలి_పిల్ల | ఆగస్టు 10, రాత్రి 9:26
గుండెకి కార్వెడిలాల్ మాత్ర చిన్న డోసు ఇచ్చారు. మొన్న ఎకో 56. పదమూడో తేదీన మళ్లీ మొదలు. జూన్ నుంచి గ్యాప్ ఎక్కువైంది కాబట్టి కిలోకి 8 లెక్కన మళ్లీ మొదటి డోసు ఇవ్వాలన్నారు, నిజమేనా లేక వయల్ అమ్ముకోడానికా?

మెడికల్_షాపు_బెజవాడ | ఆగస్టు 11, ఉదయం 10:12
నిజమే. అనుకున్న తేదీకి వారం దాటి ఆలస్యమైతే మళ్లీ పెద్ద డోసే, వారం లోపైతే మామూలు 6. పెళ్లిళ్లకీ పుష్కరాలకీ డోసు వాయిదా వేసేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి, ఒక చిన్న వయల్ అదనంగా పడుతుంది.

తెనాలి_పిల్ల | జనవరి 29, రాత్రి 8:18
నిన్నటితో పదిహేడో డోసు. ఈఎఫ్ 59. అయిపోయాక కూడా ఆరు నెలలకొకసారి రెండేళ్లు ఎకో అన్నారు. గోడ మీద క్యాలెండర్లో అమ్మ పాలలెక్క రాసుకునే గళ్లలోనే జులై దగ్గర "గుండె ఫోటో" అని తనే రాసుకుంది. మందు ఎక్కించడానికి చర్మం కింద పెట్టిన పోర్ట్ ఎప్పుడు తీయించాలో వచ్చే నెల చెప్తారట.

విజయ_నిజామాబాద్ | జనవరి 29, రాత్రి 8:40
అమ్మకి నా తరఫున ఒక పెసరట్టు.

కావలి_కోడలు | ఫిబ్రవరి 6, సాయంత్రం 5:03
కొత్తగా చేరాను, మొత్తం చదివాను. మా అత్తగారికి ఏడో డోసు సోమవారం. ఎకో మొదట్లో చేశారు, తర్వాత చేశారో లేదో మాకు గుర్తు లేదు. ఆవిడ హుషారుగానే ఉన్నారు.

డేకేర్_సిస్టర్ | ఫిబ్రవరి 6, సాయంత్రం 5:09
సోమవారం లోపు ఫైల్ తీసి చూడమ్మా. కనపడకపోతే డోసు రోజు పొద్దున్నే ఎకో అడుగు, రిపోర్ట్ చూశాకే ఎక్కించమను. ఈలోపు అత్తగారిని ఎన్ని దిండ్లు పెట్టుకుంటున్నారో అడుగు, నీ ఎదురుగా కాదు, మనవరాలి చేత అడిగించు.